దయ్యం కథలో ఊరి చివరి ముసలమ్మ

సంపాదకులకు నమస్కారం.

యువకులు రాత్రిపూట ఒకచోట చేరి దయ్యాల ఆటలు ఆడితే పెద్దలు కంగారు పడటం సహజమే. మా హన్మకొండలో ఆ ఆట ఆడేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి, వారు దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మేము ఆడేది ‘డ్రెడ్’ అనే ఆట. ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు తలా ఒక పాత్ర పట్టుకొని దాన్ని ముందుకు తీసుకెళ్తారు. పాచికలు ఉండవు. మధ్యలో పీట మీద 54 చెక్కముక్కలను వరుసకు మూడు చొప్పున పేర్చిన జెంగా గోపురం ఉంటుంది. పాత్ర ఏదైనా కష్టమైన పనికి తెగించినప్పుడు ఒక ముక్క లాగి పైన పెట్టాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వారి పాత్రకు కథలో నూకలు చెల్లినట్టే. కావాలని కూలగొట్టినవారికి మాత్రం ప్రాణం పోయినా తలపెట్టిన పని నెరవేరుతుంది.

పోయిన నెల మా కథను గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు దగ్గర పెట్టుకున్నాం. అడవిలో బస్సు ఆగిపోయింది, కట్ట మీద ఎవరో లాంతరుతో నడుస్తున్నారు. మా మిత్రుడొకడు కింది వరుసలోని ముక్కను గోటితో తోస్తుంటే కొవ్వొత్తి వెలుగులో గోడ మీద గోపురం నీడ ఊగింది. ఎవరూ చెప్పకుండానే ఒకరు లేచి ఫ్యాను ఆపేశారు.

అప్పుడు కథ నడిపేవాడు, ఆ లాంతరు పట్టుకున్నది ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ అన్నాడు. వెంటనే ఒకడు ఇంటూ గుర్తు వేసిన కార్డును ముట్టుకున్నాడు. అది మేము పెట్టుకున్న నియమం: ఎవరు ముట్టుకున్నా కారణం అడగకుండా కథలోంచి ఆ విషయం తీసేయాలి. తీసేశాం. ఆ తర్వాత చాయ్ తాగుతూ అతడే చెప్పాడు, వాళ్ల ఊళ్లో పిల్లవాడికి జ్వరం వస్తే భర్త లేని ఒకావిడ గడప ముందు జనం గుమిగూడారని. బాణామతి అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు మన జిల్లాల నుంచి పత్రికల్లో చదివినవే కదా. అక్కడ కూడా మొదట పుట్టింది ఒక కథే. కాకపోతే దాన్ని కథ అని ఎవరూ అనుకోలేదు.

అందుకే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఆట మాన్పించే ముందు కాసేపు పక్కన కూర్చొని, మీ కథలో దయ్యం ఎవరని పిల్లలను అడగండి. అది వాడకట్టులోని మనిషిలా ఉంటే అక్కడ మందలించండి.

అన్నట్టు, కొవ్వొత్తి వెలుగు చూసి మా ఇంటి ఓనర్ కూడా ‘గిసొంటియి మా ఇంట్ల వద్దు బిడ్డా’ అన్నారు. గోపురం పేర్చి చూపించాను. రెండు ముక్కలు లాగారు, మూడోదానికి కూలిపోయింది. కొవ్వొత్తికి మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు టేబుల్ లైటు పెట్టుకొని ఆడుతున్నాం.

– ఒక పాఠకుడు, హన్మకొండ