పాత వాల్వు మీద కొత్త టైరు ఇక ఎక్కించను

బెంగళూరు మారతహళ్ళిలోని మా టైర్ల షాపుకు వచ్చే మనవాళ్ళందరికీ నమస్కారం. మొన్న ఒక అన్న నాలుగు టైర్లూ మార్పించుకుని, బిల్లులో గాలి కొట్టే వాల్వులకు వేరే డబ్బులు చూసి, "టైర్లకే ఇంత పోశాను, మళ్ళీ ఈ చిల్లర ఎందుకు గుంజుతారు?" అన్నారు. అడగాల్సిన మాటే. పైకి అనకపోయినా ఇంకొందరికీ ఉంటుంది కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా.

ట్యూబ్‌లెస్ టైరుకు వాల్వు రిమ్ములోనే కూర్చుంటుంది. మామూలు కార్లకు అది రబ్బరుది. ఎండ, బ్రేకుల వేడి, వానాకాలం బురద అన్నీ దాని మీదే. టైరు నలభై వేల కిలోమీటర్లు తిరిగి అరిగిందంటే ఆ రబ్బరూ అంతే తిరిగింది. చూడ్డానికి బాగానే ఉంటుంది. బొటనవేలితో మెల్లిగా పక్కకు వంచి చూడండి, మొదలు దగ్గర సన్నటి పగుళ్ళు నోరు తెరుస్తాయి. మరీ గట్టిగా వంచకండి, ముదిరినదైతే అక్కడికక్కడే తెగుతుంది.

దాన్ని లోపలి నుంచే ఎక్కించాలి. టైరు ఊడదీసినప్పుడైతే అర నిమిషం పని, 60 రూపాయలు. తర్వాత మార్చాలంటే మళ్ళీ టైరు విప్పాలి, మళ్ళీ బ్యాలెన్సింగ్. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు? ఆ అరవైలో నాకేమీ మిగలదని మాత్రం చెప్పను, కొంత మిగులుతుంది.

అలాగని గాలి దిగిన ప్రతి బండికీ వాల్వు మార్చక్కర్లేదు. సబ్బు నీళ్ళు వేయండి. బుడగ వాల్వు నోట్లో వస్తే లోపలి పిన్ను పోయినట్టు. టైరు విప్పకుండానే పిన్ను మార్చి గాలి కొట్టేయొచ్చు. బుడగ వాల్వు మొదలు దగ్గర వస్తే వాల్వు పోయినట్టే. పంచరు పడకుండా టైరు లోపల జెల్ పోయించుకున్నవాళ్ళకు పిన్ను జిగురు పట్టి మూసుకుపోతుంటుంది, గుర్తుంచుకోండి.

టైరులో గాలి ఎంతుందో కొలిచే ప్రెషరు సెన్సరున్న బండ్ల సంగతి వేరు. సెన్సరు వాల్వుకే తగిలించి లోపల ఉంటుంది. చాలావాటికి కాడ అల్యూమినియం, దానికి నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలి. మామూలు ఇత్తడి పిన్ను వేస్తే తేమకు అల్యూమినియం తినేసుకుపోయి రెండూ పట్టేస్తాయి. సిగ్నళ్ళ దగ్గర అమ్మే మెరిసే లోహపు క్యాపులతోనూ ఇదే తంటా. తీయబోతే కాడే విరుగుతుంది, సెన్సరంతా మార్చుకోవాలి. నల్ల ప్లాస్టిక్ క్యాపే మేలు. టైరు మార్చినప్పుడు సెన్సరుకు వాషరు, నట్టు, పిన్ను, క్యాపు కొత్తవి వేస్తాం. లోపలి బ్యాటరీ మాత్రం మార్చేది కాదు, మామూలుగా అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది. కొన్ని బండ్లకు చక్రంలో సెన్సరే ఉండదు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే సిస్టమ్) ద్వారా చక్రం వేగాన్ని బట్టి లెక్క కడతాయి. వాటికి ఈ సెన్సరు ఖర్చు లేదు.

కాబట్టి ఇక నుంచి వాల్వు వద్దంటే కొత్త టైరు నేను ఎక్కించను. వేరే షాపుకు వెళ్ళినా ఏమీ అనుకోను. మార్చిన పాతవి మీ చేతికే ఇస్తాం, వంచి చూసుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు స్టెప్నీ వాల్వు కూడా ఓసారి చూపించుకోండి. సెన్సరు బండ్లవాళ్ళు ముందురోజే ఫోన్ చేసి మోడల్ చెప్తే జేసీ రోడ్డు నుంచి సామాను తెప్పించి పెడతాను.