కమ్మరి శిష్యరికానికి షరతులు రాసుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

చేతివృత్తులవారి కోసం కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైనప్పుడు గురుశిష్య పరంపరను బలపరచడం దాని లక్ష్యాలలో ఒకటని ప్రభుత్వం ప్రకటించింది. పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఉన్నందుకు, కమ్మరి ఇంట పుట్టి ఐటీఐలో బోధకుడిగా పదవీ విరమణ చేసిన నేను సంతోషించాను. అయితే అది ఇప్పటికే పనిలో ఉన్నవారికి ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కోరుకుంటే ఆపైన పదిహేను రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు ఇచ్చే పథకమే తప్ప, పని తెలియని కుర్రాడిని చేర్చుకొని ఏళ్ల తరబడి నేర్పే కమ్మరి సంగతి పట్టించుకునేది కాదు. శిష్యుడే లేనప్పుడు పరంపర ఎలా సాగుతుంది?

మా నాన్నను పన్నెండో ఏట నల్లగొండ జిల్లాలో ఆయన మేనమామ కొలిమిలో కుదిర్చారు. కాగితం లేదు, సంతకం లేదు. కొబ్బరికాయ, తాంబూలం, పంచెల చాపు పెట్టి పిల్లవాడిని అప్పగించి వచ్చారు. తిండీ బట్టా మేనమామవి, చాకిరీ మా నాన్నది. మొదటి ఏడాది కొలిమికి గాలి ఊదే తిత్తి లాగడం, బొగ్గు కొట్టడం, నీళ్లు మోయడం తప్ప ఇనుము ముట్టనివ్వలేదు. తిత్తి లాగేవాడి కళ్లు ఎప్పుడూ మంట మీదే ఉంటాయి కనుక ఇనుము ఏ రంగులో ఎంత కాలిందో అక్కడే తెలిసిందని ఆయన చెప్పేవారు. రెండో ఏట సమ్మెట, అంటే పెద్ద సుత్తి, చేతికొచ్చింది. గురువు చిన్న సుత్తితో ఎక్కడ తడితే సమ్మెట సరిగ్గా అక్కడే పడాలి.

ఉలికి పదును పెట్టడం, అంటే కాల్చి ముంచి దాని మొనకు తగిన గట్టిదనం తేవడం, అన్నిటికన్నా చివర నేర్పారట. ఎర్రగా కాలిన వడ్రంగి ఉలి మొనను నీళ్లలో ముంచి తీసి, ఇటుక ముక్కతో రుద్ది మెరిపిస్తే, వెనక భాగంలో మిగిలిన వేడికి ఆ మెరుపు మీద ఎండుగడ్డి రంగు మొన వైపు పాకుతుంది, దాని వెనకే ఊదా, నీలం తరుముకొస్తాయి. గడ్డి రంగు మొనకు చేరగానే మళ్లీ ముంచాలి. నీలం వచ్చేదాకా ఆగితే ఉలి మెత్తబడుతుంది, తొందరపడితే పెళుసై విరుగుతుంది. ఈ మాట ఐదు నిమిషాల్లో చెప్పవచ్చు గానీ చేతికి పట్టుబడడానికి మా నాన్నకు ఏడాది పైనే పట్టింది.

ఆ రోజులను పొగడడం నా ఉద్దేశం కాదు. మా నాన్న వీపు మీద పట్టకారు మచ్చ చివరిదాకా ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడిని పనిలో పెట్టడం నేడు నేరం, అది నేరంగానే ఉండాలి. పైగా ఆ నోటిమాట ఒప్పందం కులం దాటి వెళ్లలేదు. ఇంగ్లండులో 1563 నాటి చట్టం శిష్యరికానికి కనీసం ఏడేళ్లు విధించింది. ఒకే కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కోసి చెరొక ముక్క ఇచ్చే ఆచారం అక్కడ ఉండేది. తగాదా వస్తే రెండు అంచులూ కలిపి చూసేవారు. పెళ్లి చేసుకోరాదు, జూదమాడరాదు, పనిలోని మర్మం బయటపెట్టరాదు అని శిష్యుడిని కట్టడి చేసిన ఆ కాగితమే తిండి, నీడ, విద్య ఇవ్వవలసిన బాధ్యతను గురువు మీద పెట్టేది. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ పాలకులు చేసిన 1850 చట్టం పదేళ్లు దాటిన పిల్లలను ఏడేళ్లకు మించకుండా పనికి కుదర్చవచ్చని చెప్పింది. నిజాం ఏలుబడిలోని మా పల్లెలకు ఆ మాత్రం కాగితం కూడా రాలేదు. ఉస్తాద్ (గురువు) నోటిమాటే శాగిర్దుకు (శిష్యుడికి) చట్టం.

ఇప్పుడున్న 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. ఒంటరి కమ్మరి కొలిమి ఆ లెక్కలోకి రాదు. కుషాయిగూడలో మా ఇంటికి దగ్గరలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక కమ్మరి ఉన్నాడు. తిత్తికి బదులు కరెంటు ఫ్యాను పెట్టుకున్నాడు గానీ సమ్మెట కొట్టే మనిషి దొరక్క, గడ్డపారలు సాగగొట్టించుకోవడానికి వచ్చే మేస్త్రీలను తిప్పి పంపుతున్నాడు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఉక్కు చేసి పర్షియా వర్తకులకు అమ్మిన మన కమ్మరుల విద్య వారి చేతులతోనే పోయింది. ఈయన చేతిలో ఉన్నది కూడా అలా పోకూడదన్నదే నా ఆరాటం.

కనుక రాష్ట్ర కార్మిక శాఖ ఇలాంటి కొలుములలో రెండేళ్ల శిష్యరికాన్ని గుర్తించాలని కోరుతున్నాను. పద్దెనిమిదేళ్లు నిండిన ఏ కులపు యువకుడైనా, యువతి అయినా చేరే వీలుండాలి. ఆరేసి నెలలకు ఏ పని నేర్పాలో కాగితం మీద ఉండాలి. శిష్యుడికి నెల భృతిని, నేర్పినందుకు గురువుకు వేరుగా పారితోషికాన్ని ప్రభుత్వమే చెల్లించాలి. కొట్టినా తిట్టినా ఫిర్యాదు చేసుకోవడానికి ఒక అధికారి పేరు కూడా ఆ కాగితంలోనే రాసి ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు,
కుషాయిగూడ, హైదరాబాద్