మన మ్యాథ్స్ మేడమ్ జాంబియా ప్రయాణం గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు అయిపోగానే మన మ్యాథ్స్ మేడమ్ స్కూలు వదిలి వెళ్తున్నారన్న వార్త మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికే తిరుగుతోంది. నిజమే. ఏప్రిల్ చివర్లో ఆమె జాంబియా వెళ్తున్నారు. ఆ దేశపు ఉత్తర భాగంలో చర్చి నడిపే ఒక బోర్డింగ్ స్కూల్లో మిషనరీ టీచర్‌గా లెక్కలు చెప్పబోతున్నారు. అక్కడ చదువుల సంవత్సరం జనవరిలో మొదలై మూడు టర్ములుగా నడుస్తుంది. మే నెలలో రెండో టర్ము మొదలయ్యేసరికి ఆమె అక్కడ ఉండాలి. వాళ్లు జనవరికే రమ్మన్నారు. పదో తరగతి పిల్లలను సగంలో వదిలి రాలేనని మేడమే చెప్పి గడువు అడిగారు. పేరు వేయవద్దని ఆమె కోరారు కాబట్టి ఇక్కడ వేయడం లేదు. ఎవరో మీకందరికీ తెలుసు.

ఈమధ్య ఆఫీసుకు వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అడిగారు. "మన పిల్లలకే మంచి లెక్కల టీచర్ దొరకడం కష్టంగా ఉంది. ఉన్నామెను ఎక్కడో ఆఫ్రికాకు పంపించేయడం ఏంటండీ?" కొందరు గొంతు తగ్గించి ఇంకో మాట అడిగారు. "మిషనరీ అంటున్నారు, అక్కడి పిల్లల్ని మతంలో కలపడానికేనా?" రెండూ అడగవలసిన ప్రశ్నలే. ఆఫీసు గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబులు కావు కాబట్టి ఈ నెల వార్తాలేఖను వాటికే ఇస్తున్నాను.

మనం బందరులో ఉన్నాం. ఈ ఊళ్లో ఇంగ్లీషు చదువు ఊపందుకున్నదే అలా సొంత దేశం వదిలి వచ్చిన ఒక టీచరు వల్ల. ఆయన రాబర్ట్ నోబుల్. ఇంగ్లండ్‌లోని లీస్టర్‌షైర్‌లో ఒక పల్లెటూరి చర్చి గురువు కొడుకు, కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్ అనే మరో యువకుడితో కలిసి ఓడ ఎక్కాడు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించే పని ఎంచుకుంటే నోబుల్ బడి పని ఎంచుకున్నాడు. దిగీ దిగగానే బడి తెరవలేదు, ముందు తెలుగు నేర్చుకున్నాడు. 1843 నవంబరులో గానీ బందరు బడి మొదలు కాలేదు. ఆ తర్వాత 1865 అక్టోబరులో ఇక్కడే కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేదు. వచ్చిన రోజు నుంచి లెక్కవేస్తే 24 ఏళ్లు.

ఆ 24 ఏళ్లు ఎలాంటివో ఒక్కసారి ఆలోచించండి. ఫాక్స్ భార్య 1845లో చనిపోయింది. ఫాక్స్ ఆరోగ్యం చెడి ఇంటికి వెళ్లి 1848లో పోయాడు. ఇంగ్లండ్‌లో అతను చదివిన రగ్బీ అనే స్కూలు వాళ్లు అతని పేరు మీద నిధి పెట్టి, బందరు బడిలో ఒక టీచరు ఖర్చు భరించారు. తాము ఎప్పుడూ చూడని పిల్లల కోసం ఇంకో దేశపు బడి పిల్లలు కూడా చేయి వేశారన్నమాట. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ఈ ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్కలు చెబుతాయి. మిషన్ హాస్టల్లో ఉన్న ఆడపిల్లలు ఎందరో ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. నోబుల్ బతికి బయటపడ్డాడు. అంత జరిగాక వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన వెళ్లలేదు, ఏడాది తిరగకుండానే ఇక్కడే పోయాడు.

ఆయన చేసిన ప్రతి పనీ నాకు సమ్మతం కాదు. అంటరానివాళ్లన్న ముద్ర వేసి ఊరి బయట ఉంచిన కుటుంబాల పిల్లలకు ఆ బడిలో మొదట చోటు లేదు. పెద్ద కులాల పిల్లలు చదువుకుంటే వాళ్ల ద్వారా మిగతావాళ్లకూ అందుతుందని ఆయన అనుకున్నాడు. బడి తలుపు దగ్గర కులం అడగడం ఏ లెక్కన చూసినా తప్పే. ఆ తలుపు ముందు ఆగిపోయిన పిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఇక 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరంతా అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్లీ పిల్లలు వచ్చారు. ఆ రోజు పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయిన తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. నేనూ ఒక తల్లినే.

ఆ బడి పెరిగి నోబుల్ కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు అక్కడ చదివారు. 1910లో ఇదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినవాళ్లలో ఆ ఇద్దరూ ఉన్నారు. తెల్లవాళ్ల చదువు కాదు, మన దేశపు చదువు కావాలని నిలబడినవాళ్లు ఒక ఇంగ్లీషు మిషనరీ పెట్టిన కాలేజీ నుంచి రావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. చదువు చెప్పిన చెయ్యి ఎవరిదైనా, దానితో ఏం చేయాలో పిల్లలే తేల్చుకుంటారు. రెండో ప్రశ్న అడిగినవాళ్లకు నా జవాబులో సగం ఇదే.

మిగతా సగం ఇది. మిషనరీ అంటే మనకు వెంటనే తెల్లదొర కళ్లముందుకు వస్తాడు. మేడమ్ వెళ్లే ప్రాంతం కథ వేరు. ఇప్పటి మలావిని అప్పట్లో న్యాసాలాండ్ అనేవారు. అక్కడ స్కాట్లండ్ మిషన్ బడిలో చదువుకున్న డేవిడ్ కౌండా అనే ఆఫ్రికన్ టీచరు 1905 ప్రాంతంలో ఇప్పటి జాంబియాలోని చిన్సాలికి, బెంబా ప్రజల మధ్యకు వచ్చాడు. ఆయన భాష వేరు, తెగ వేరు. అక్కడే ఉండిపోయి బడులు పెట్టాడు. భార్య హెలెన్ కూడా టీచరే. 1932లో ఆయన చనిపోయేసరికి ఆఖరి కొడుక్కి ఎనిమిదేళ్లు. ఆ పిల్లవాడు కెన్నెత్ కౌండా పెద్దయ్యాక తనూ టీచరై, 1964లో జాంబియాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మొదటి అధ్యక్షుడయ్యాడు. మన తెలుగువాళ్లూ అలా వెళ్లారు. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు, ఆయన భార్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లి, అక్కడి తోటల్లోకి కూలికి వలసపోయిన తెలుగువాళ్ల మధ్య జీవితమంతా గడిపారు. వాళ్లను పంపింది ఇక్కడి తెలుగు బాప్టిస్టులు వేసుకున్న చందాలే.

జాంబియాకు టీచర్లు ఎందుకు కావాలంటే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశమంతటికీ డిగ్రీ చదివినవాళ్లు వంద మంది దాకానే ఉన్నారు. చదువు చెప్పడానికి వేరే దేశాల నుంచి టీచర్లను పిలుచుకోవలసి వచ్చింది. మన దేశం నుంచి, ముఖ్యంగా దక్షిణాది నుంచి చాలామంది వెళ్లి హైస్కూళ్లలో లెక్కలు, సైన్సు చెప్పారు. 2022 నుంచి అక్కడి ప్రభుత్వం పన్నెండో తరగతి దాకా ఫీజు తీసేసింది. అది చాలా మంచి పని. ఫీజు కట్టలేక ఇంట్లో ఆగిపోయిన పిల్లలు తిరిగి బడికి వచ్చారు, దాంతో తరగతులు కిక్కిరిసిపోయాయి. బెంచీలు ఎలాగో చేయించుకోవచ్చు, లెక్కల టీచరు అలా తయారు కారు. అక్కడ చర్చిలు నడిపే బడులు చాలావరకు ప్రభుత్వ సాయంతో, ప్రభుత్వ సిలబస్‌తోనే నడుస్తాయి. మేడమ్ చెప్పబోయేది వాళ్ల బోర్డు పరీక్షకు కావలసిన బీజగణితం, త్రికోణమితి.

ఆమె ప్రార్థన చేస్తారా అంటే, చేస్తారు. విశ్వాసం వల్లే వెళ్తున్నారు, దాన్ని దాచి పెట్టడం ఆమెకు గానీ నాకు గానీ ఇష్టం లేదు. కానీ పిల్లవాడి ఆకలిని, మార్కుల భయాన్ని అడ్డం పెట్టుకుని విశ్వాసం ఎక్కించడం క్రీస్తు సేవ కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆమే ఈ మాట నాకంటే ముందు అన్నారు. మన స్కూల్లోనూ నియమం అదే. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ పిల్లవాణ్నీ ఇంటివాళ్ల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. ఉదయం ప్రార్థనలో మీ పిల్లలు పాల్గొనడం మీకు ఇష్టం లేకపోతే డైరీలో ఒక లైను రాసి పంపండి, కారణం అడగం. ఇప్పటికే కొందరు రాశారు. ఆ పిల్లలు ఆ సమయంలో లైబ్రరీలో కూర్చుంటున్నారు. వాళ్లను వేరుగా చూసేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నారనిపిస్తే నేరుగా నాకు చెప్పండి.

మేడమ్ కొన్ని నెలలుగా సాయంత్రాలు బెంబా భాష నేర్చుకుంటున్నారు. హైస్కూలు చదువు అక్కడ ఇంగ్లీషులోనే అయినా, చిన్న తరగతులు ఆ ప్రాంతపు భాషలోనే నడుస్తాయి. పిల్లలు ఇంట్లో మాట్లాడేది, ఏడ్చేది, పోట్లాడుకునేది ఆ భాషలోనే. లెక్క అర్థం కానప్పుడు కూడా ఆ భాషలోనే గొణుక్కుంటారు కదా. తొమ్మిదో తరగతి పిల్లలు ఆమె దగ్గర విని, ఇప్పుడు రోజూ పొద్దున "మ్వాషిబుకేని" అని నాకు బెంబాలో గుడ్ మార్నింగ్ చెబుతున్నారు. నాకు నోరు తిరగడానికి కొంచెం టైమ్ పట్టింది గానీ, జవాబు చెబుతున్నాను.

ఇక మన పిల్లల సంగతి. తొమ్మిది నుంచి పదికి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుందని తెలుసు. కొత్త లెక్కల టీచర్ కోసం ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. డెమో క్లాసు చూడకుండా ఎవరినీ తీసుకోం. ఆ డెమోలకు తొమ్మిదో తరగతి పిల్లలనే కూర్చోబెట్టి, చెప్పింది అర్థమైందో లేదో వాళ్లనే అడుగుతున్నాం. మేడమ్ తన నోట్స్, ఏ పిల్లవాడు ఏ పాఠంలో తడబడతాడో రాసుకున్న పుస్తకం కొత్తగా వచ్చేవాళ్లకు అప్పగిస్తారు. వేసవి సెలవుల్లో లెక్కల్లో వెనకబడిన పిల్లలకు ఉదయం పూట క్లాసులు ఉంటాయి, దానికి వేరే ఫీజు లేదు.

మరో రెండు విన్నపాలు. మేడమ్‌తో పంపడానికి పాత బట్టలు సేకరిద్దామని కొందరు ముందుకొచ్చారు. మీ మనసుకు కృతజ్ఞతలు, కానీ వద్దు. మన ఇళ్లలో వాడి వదిలేసినవి మోసుకెళ్లి ఆమె అక్కడి పిల్లల ముందు మొదటిసారి నిలబడడం నాకు నచ్చదు. పిల్లలు పంపదలచుకుంటే ఉత్తరాలు రాయమనండి. మన ఊరి గురించి, సముద్రం గురించి, వాళ్లకు కష్టంగా అనిపించిన ఒక లెక్క గురించి ఇంగ్లీషులో రాస్తే చాలు. జాంబియాకు సముద్రం లేదు కాబట్టి మంగినపూడి బీచ్ గురించి అక్కడి పిల్లలు ఆసక్తిగా చదువుతారు. రెండోది, అక్కడి నుంచి ఫోటోలు వస్తాయని ఎదురు చూడవద్దు. పిల్లల అనుమతి, వాళ్ల ఇంటివాళ్ల అనుమతి లేకుండా వాళ్ల ముఖాలు మన గ్రూపుల్లో పెట్టకూడదని మేడమ్‌తో మాట్లాడి నిర్ణయించుకున్నాం. మన పిల్లల ఫోటోలకు ఏ నియమం పాటిస్తున్నామో వాళ్లకూ అదే.

వీడ్కోలు సభ ఏప్రిల్ మూడో శనివారం ఉదయం పది గంటలకు మన హాల్లో. శాలువాలు, దండలు వద్దని మేడమ్ కోరారు. ఆమె దగ్గర చదివి ఇప్పుడు బయట ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు మీ ఇళ్లలో ఉంటే వాళ్లకూ చెప్పండి. పిల్లల ఉత్తరాలు ఆ ముందు బుధవారానికల్లా క్లాస్ టీచరుకు అందాలి. కవరు అంటించవద్దు, మేమే ఒక్కసారి చదివి కట్ట కట్టి ఇస్తాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు