దేవిడీల్లో రెస్టారెంట్లు పెట్టే ముందు గోడల సంగతి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లోని పాత దేవిడీలను (నవాబుల, అమీర్ల పెద్ద నివాసాలను), మహళ్లను మరమ్మతు చేసి రెస్టారెంట్లుగా, అతిథి గృహాలుగా మార్చాలన్న ఆలోచన కొన్నేళ్లుగా బలపడుతోంది. ఈ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. మనుషులు మసలని ఇల్లు ఎంత గొప్పదైనా నిలవదనడానికి నిజాముల దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగుల దివాన్ దేవిడీయే సాక్ష్యం. అద్దాల పనితో వెలిగిన ఆయినాఖానా ఉన్న ఆ నివాసంలోనే 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభమైంది. 1968లో మ్యూజియం కొత్త భవనానికి తరలిపోయింది. ఇవాళ అక్కడ దుకాణాల నడుమ పాత ద్వారాలు తప్ప చెప్పుకోదగినదేమీ మిగల్లేదు. అలా పోగొట్టుకోవడం కన్నా నలుగురు కూర్చుని భోంచేసే చోటుగా బతికించుకోవడం నయం. కానీ వంటశాలనూ మద్యం నిల్వ గదినీ ఎక్కడ పెట్టాలో తేల్చకుండా ఇల్లు అప్పగిస్తే, కూల్చకుండానే కూల్చినట్టవుతుంది.

ఈ నగరానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. నడుమ హౌజు (నీటి తొట్టి), చుట్టూ దాలాన్లు (స్తంభాల వసారాలు), మర్దానాకూ (మగవారి భాగానికీ) జనానాకూ (ఆడవారి భాగానికీ) వేర్వేరు ముంగిళ్లు, ఎత్తయిన కప్పులు, గోడల నిండా గచ్చు (సున్నంతో మలిచే అలంకరణ) పనితనం ఉన్న ఇళ్లలో ఆ పారశీక సంప్రదాయమే ఇక్కడి రాయితో, సున్నంతో కలిసిపోయింది. చౌమహల్లా ప్యాలెస్‌కు టెహ్రాన్‌లోని షా ప్రాసాదం నమూనా అని చెబుతారు. వీటి ప్రాణమంతా గానుగ సున్నంలో ఉంది. గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు చేర్చి పూసిన ఆ గోడ వానాకాలపు తడిని పీల్చుకుని ఎండ కాయగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటపడే దారి మూసుకుపోయి, ఉప్పు తేలి, పెచ్చులూడటం మొదలవుతుంది.

ఒక పాత నివాసంలో నడుస్తున్న రెస్టారెంటులో ఈమధ్య నేను కళ్లారా చూసినది ఇదే. గచ్చుతో మలచిన లతను మధ్యకు చీల్చి ఏసీ గొట్టం కోసం రంధ్రం తొలిచారు, దాని చుట్టూ సిమెంటు మెత్తారు. ఆ గోడకు అవతలే తందూరు పొయ్యి ఉండటంతో పువ్వుల అంచుల వెంట జిడ్డు నల్లగా పేరుకుంది, వేలితో తాకితే పిండిలా రాలింది. అతిథులు ఫొటోలు దిగుతున్న గోడ కూడా అదే.

వైన్ సెల్లార్ సంగతి ఇంకా సున్నితమైనది. వైన్ చెడిపోకుండా ఉండాలంటే గదిలో సుమారు 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, 60 నుంచి 70 శాతం తేమ ఏడాది పొడవునా మారకుండా ఉండాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో అందుకోసం రాత్రింబవళ్లు యంత్రాలు తిరగాల్సిందే. వానాకాలంలో బయటి తడిగాలి ఆ చల్లని గోడను తాకి చెమ్మగా మారుతుంది, ఆ చెమ్మ తిన్నగా సున్నంలోకి దిగుతుంది. ఇక సెల్లార్ కోసం నేలను తవ్వడమంటే పాత రాతి పునాదుల పక్కన గొయ్యి తీయడమే. వైన్ వద్దని నేననడం లేదు. గోడకు ఆనకుండా విడిగా నిలబెట్టే చల్లని అలమరల్లోనో, ఆవరణలో తరువాతి కాలంలో కట్టిన గదిలోనో దాచుకోవచ్చు. వంటశాలను కూడా అలాగే ప్రధాన భవనం బయట పెట్టుకోవచ్చు.

చట్టం ఈ చిన్న చిన్న గాయాలను పట్టించుకునే స్థితిలో ఉందా అన్నదే నా ఆందోళన. నగర జోనింగ్ నియమాల్లో వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. అది గొప్ప తీర్పు. అయితే బుల్డోజరును ఆపిన న్యాయస్థానం డ్రిల్లింగ్ మిషన్‌ను రోజూ కాపలా కాయలేదు. ఆబ్కారీ శాఖ మద్యం లైసెన్సు చూస్తుంది, ఆహార భద్రతా అధికారులు శుభ్రత చూస్తారు. గచ్చు పని తెలిసిన కన్ను కూడా ఏటా ఒకసారి ఆ గోడలను చూసే ఏర్పాటు ఉండాలి.

మరొక్క మాట. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను దాదాపు పదేళ్లు శ్రద్ధగా బాగుచేసి 2010లో హోటలుగా తెరిచారు. పని గొప్పగా జరిగింది కానీ సామాన్యుడికి ఆ మెట్లెక్కడం అంత తేలిక కాదు. చౌమహల్లాలోనైతే టికెట్టు కొనుక్కుని ఎవరైనా ఖిల్వత్ దర్బారు హాలు షాండ్లియర్ల కింద నిలబడవచ్చు. ప్రభుత్వ ఆధీనంలోని ఏ దేవిడీని రెస్టారెంటుకు లీజుకిచ్చినా, భోజనం బిల్లు కట్టకుండానే జనం లోపలికి వెళ్లి చూసేందుకు వారంలో ఒక పూటైనా కేటాయించాలి. తవ్వకం, సిమెంటు, ప్రధాన భవనంలో పొయ్యి నిషేధమన్న షరతులను లీజు పత్రంలో రాయడమే కాక, తెలుగులోనూ ఉర్దూలోనూ గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని పురపాలక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్