విశ్వవిద్యాలయ మ్యూజియం ప్రదర్శనల తేదీలు ముందే చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయ మ్యూజియంలో కొత్త కళా ప్రదర్శన మొదలైతే మీ పత్రికలో ఫోటో వస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తున్న ముఖ్య అతిథి, పక్కన వైస్ ఛాన్సలర్, వెనక వరసలో అధ్యాపకులు. కింద అందరి పేర్లూ ఉంటాయి. లోపల ఎవరి బొమ్మలున్నాయో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఎప్పటిదాకా ఉంటాయి, ఏ వేళల్లో తెరుస్తారు, బయటివాళ్లను రానిస్తారా అన్నది రాయరు. ఆ తర్వాత రాబోయే ప్రదర్శన ఊసే ఉండదు. చదివినవాళ్లకు అదేదో అయిపోయిన ఫంక్షన్ వార్తలా ఉంటుంది తప్ప మనమూ వెళ్లి చూడొచ్చని తోచదు. ఈ లోటు తీర్చమని మిమ్మల్నీ, మీ ద్వారా మ్యూజియాలు నడుపుతున్న విశ్వవిద్యాలయాలనూ అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో పాత ప్రింట్ల (అచ్చువేసిన బొమ్మల) ప్రదర్శన పెట్టారని ఆలస్యంగా తెలిసి పరుగున వెళ్లాను. అప్పటికే గోడలకు మేకులు మిగిలాయి. ఒకాయన నిచ్చెనెక్కి లేబుళ్లు ఊడదీస్తున్నాడు. మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగితే, "ఇవి ఇప్పట్లో బయటికి రావండీ, ఏళ్లు పడుతుంది" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నీటిరంగుల చిత్రాలు, స్కెచ్‌లు, ప్రింట్లు, ఫోటోలు, ఇలా కాగితం మీద ఉన్నవాటికి వెలుతురు హాని చేస్తుంది. అందుకే మ్యూజియాల్లో వాటి మీద పడే కాంతిని మామూలుగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం) దగ్గర ఆపుతారు. మనం కూర్చుని పనిచేసుకునే ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష దాకా పోతుంది. గ్యాలరీలోకి రాగానే ఇంత చీకటిగా ఉందేమిటని విసుక్కుంటాం గానీ, కొద్దిసేపు నిలబడితే కళ్లు సర్దుకుంటాయి, గీతలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఇంత జాగ్రత్త పడినా నష్టం నెమ్మదిస్తుందే గానీ ఆగదు. బొమ్మ మీద పడ్డ ప్రతి గంట వెలుతురూ దాని ఖాతాలో చేరుతూనే ఉంటుంది. ఒకసారి వెలిసిన రంగు, చీకట్లో ఎన్నేళ్లు దాచినా తిరిగి రాదు. అందుకని మూడు నాలుగు నెలలు చూపించి, ఆ తర్వాత కొన్నేళ్లపాటు పెట్టెల్లో, సొరుగుల్లో పెట్టేస్తారు. ఈ నెల కాకపోతే వచ్చే నెల చూద్దాంలే అనుకోవడానికి వీల్లేని సంగతి ఇది. చివరి తేదీ తెలియకపోతే ఆ బొమ్మలు ఉన్నా లేనట్టే.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అష్మోలియన్ మ్యూజియంలో పాతకాలపు ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన స్కెచ్‌లు 1840ల నుంచి ఉన్నాయి. అలాగని వెళ్లిన ప్రతివాళ్లకూ గోడ మీద కనిపించవు. 2017లో జూన్ మొదటి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా రఫేల్ స్కెచ్‌లతో పెద్ద ప్రదర్శన జరిగింది. సుమారు 120 స్కెచ్‌లు పెట్టారు. అందులో దాదాపు 50 సొంతవి, మిగతావి వేరే మ్యూజియాల నుంచి అరువు తెచ్చినవి. అన్ని చోట్ల నుంచి వచ్చినవి ఒకే గదిలో పక్కపక్కన ఉన్నది ఆ మూడు నెలలే.

వెలుతురు ఎంత పని చేస్తుందో హార్వర్డ్ వాళ్లకు మరీ బాగా తెలుసు. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో ఆ విశ్వవిద్యాలయం కోసమే పెద్ద పెద్ద చిత్రాలు వేసి ఇచ్చాడు. 1964లో వాటిని ఒక భవనం పై అంతస్తులోని భోజనాల గదిలో పెట్టారు. కిటికీల్లోంచి ఎండ పడింది. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు ఎండకు నిలవదు. ముదురు ఎరుపు కాస్తా వెలిసిపోయింది, 1979 నాటికి అన్నిటినీ దించేసి స్టోర్‌లో పెట్టాల్సి వచ్చింది. 2014 నవంబరులో మళ్లీ బయటికి తెచ్చినప్పుడు కాన్వాస్‌ల మీద కొత్త రంగు చుక్క కూడా వేయలేదు. ఏ చోట ఎంత రంగు పోయిందో లెక్కగట్టి, సరిగ్గా ఆ రంగు కాంతిని ప్రొజెక్టర్ ద్వారా ఆ చోట పడేలా చేశారు. చూసేవాళ్ల కంటికి పాత ఎరుపు మళ్లీ కనిపించింది. రోజూ సాయంత్రం 4 గంటలకు ప్రొజెక్టర్ ఆపేసేవారు. అప్పుడు వెలిసిన అసలు బొమ్మ బయటపడేది. నాలుగింటికి కాస్త ముందు వెళ్లినవాళ్లు రెండూ చూశారు. నాలుగు దాటాక వెళ్లినవాళ్లు సగమే చూశారు. ఆ ప్రదర్శన 2015 జులైలో ముగిసింది. వేళలు, తేదీలు కూడా కళలో భాగమే అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ముందుగా చెప్పడం కష్టమని మ్యూజియం వాళ్లు అనడానికి లేదు. బయటి నుంచి ఒక చిత్రం అరువు తేవాలంటే నెలల ముందు, ఒక్కోసారి ఏడాది, రెండేళ్ల ముందే ఉత్తరాలు నడుస్తాయి. బీమా, ప్యాకింగ్, రవాణా, చిత్రం వెంట వచ్చే మనిషి, గదిలో తేమ ఎంత ఉండాలన్న షరతు, అన్నీ రాతపూర్వకంగా తేలాకే బొమ్మ కదులుతుంది. అంటే వచ్చే ఏడాది ఏం రాబోతోందో ప్రదర్శనలు రూపొందించే క్యూరేటర్ టేబుల్ మీద ఇప్పటికే ఉంటుంది. ఆ కాగితం గేటు దాటి బయటికి రావడమే లేదు. పోస్టర్ అంటిస్తారు, కానీ డిపార్ట్‌మెంట్ వరండాలో, పరీక్షల టైమ్‌టేబుల్ పక్కన. రాబోయే ప్రదర్శన ముందే తెలిస్తే బడి టీచరు పిల్లలను తీసుకెళ్లే ఏర్పాటు చేసుకుంటారు, బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఆ చిత్రకారుడి గురించి నాలుగు పేజీలు చదువుకుని వెళ్తారు.

ఇంకో సంగతి గేటు. సెక్యూరిటీ అతను "ఏ డిపార్ట్‌మెంట్?" అని అడుగుతాడు. మ్యూజియం చూడటానికి వచ్చానంటే ఐడీ కార్డు అడుగుతాడు. అతని తప్పేమీ లేదు, ప్రదర్శన అందరికీ అని అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ అక్కడి నుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. తరగతి గదుల్లోకి అందరినీ రానివ్వమని ఎవరూ అడగడం లేదు. మ్యూజియం సంగతి వేరు. అష్మోలియన్ 1683లో తెరిచినప్పుడే రుసుము కట్టిన ఎవరినైనా లోపలికి రానిచ్చింది. 1710లో వచ్చిన ఒక జర్మన్ పండితుడు, సంత రోజున పల్లెటూరివాళ్లు కూడా లోపల కిక్కిరిసి ఉన్నారని తన డైరీలో చిరాకుపడ్డాడు. ఆ చిరాకు ఆ మ్యూజియానికి గొప్ప కితాబు అంటాను నేను. అమెరికాలో 1832లో మొదలైన యేల్ విశ్వవిద్యాలయ గ్యాలరీకి ఇప్పుడు టిక్కెట్టే లేదు. హార్వర్డ్ మ్యూజియాలు 2023 జూన్ నుంచి అందరికీ ఉచితం చేశాయి. నెలలో చివరి గురువారం రాత్రి 9 దాకా తెరిచి ఉంచుతున్నాయి కూడా. మన మ్యూజియాలు పొద్దున పదింటికి తెరిచి అయిదింటికి మూసేసి, ఆదివారం సెలవు పెడితే, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎప్పుడు రావాలి?

జనం రావడం మ్యూజియానికీ మంచిదే. 2009లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం డబ్బు కటకటలో పడి, తన రోజ్ ఆర్ట్ మ్యూజియం మూసేసి చిత్రాలు అమ్మాలని తీర్మానించింది. విద్యార్థులు, దాతలు, కళాభిమానులు గొడవ చేశారు, కోర్టుకు కూడా వెళ్లారు. 2011లో రాజీ కుదిరి చిత్రాలు నిలిచాయి. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి నిలిచాయి. లోపల ఏముందో బయటివాళ్లకు తెలియని మ్యూజియానికి అలాంటి కష్టం వస్తే ఎవరు అడుగుతారు?

అందుకని మీకు నా విన్నపం ఇది. ఆదివారం సంచికలో ఒక చిన్న గడి కేటాయించండి. నడుస్తున్న ప్రదర్శన, రాబోయే ప్రదర్శన, వేళలు, సెలవు రోజు, బయటివాళ్లకు ప్రవేశం ఉందా లేదా. చివరి తేదీ మాత్రం లావు అక్షరాల్లో వేయండి, ముగిసే ముందు వారం మరోసారి గుర్తుచేయండి. ప్రారంభోత్సవం ఫోటో వేసినప్పుడు అతిథుల పేర్లలో నాలుగు తగ్గించైనా సరే, లోపల ఉన్న ఒక్క చిత్రం గురించి నాలుగు వాక్యాలు రాయించండి. విశ్వవిద్యాలయాలు ఏడాది ప్రదర్శనల జాబితాను విద్యా సంవత్సరం మొదట్లోనే పత్రికలకు పంపాలి, అదే జాబితా మెయిన్ గేటు బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేలా పెట్టాలి, గేటు దగ్గర డ్యూటీలో ఉన్న సిబ్బందికి ఒక కాపీ ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

ఇట్లు
మీ పత్రిక పాఠకురాలు