నిర్దోషికి ఉరి: ఈ ఏటి ప్రదర్శనలపై వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

విజయనగరంలో మన ఫిల్మ్ సొసైటీ ఈ ఏడాది తప్పుడు తీర్పుకి బలైన మనుషుల మీద మూడు సినిమాలు వేసింది. జమాఖర్చులు విడిగా పంపాం. చూసేవాళ్లలో జాలి ఎలా పుడుతుంది, ఎక్కడ చెడుతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

ఎక్కువ చర్చ జరిగింది ‘టెన్ రిల్లింగ్టన్ ప్లేస్’ (1971) మీద. లండన్‌లో తిమోతి ఎవాన్స్‌ని పసికూతుర్ని చంపాడన్న నేరం మోపి 1950లో ఉరి తీశారు. కోర్టులో అతని మీద సాక్ష్యం చెప్పిన క్రిస్టీ అదే ఇంట్లో కింది వాటాలో ఉండేవాడు. వరుస హత్యలు చేసింది ఆ క్రిస్టీయేనని 1953లో బయటపడింది. ఎవాన్స్‌కి క్షమాభిక్ష 1966లో వచ్చింది, చనిపోయిన పదహారేళ్లకి! సినిమా మొదలవడమే క్రిస్టీ చేసిన హత్యతో మొదలవుతుంది. అందువల్ల అతను బోనెక్కి మర్యాదగా మాట్లాడుతుంటే నిజం తెలిసినది హాల్లో కూర్చున్న మనకే. ఆ నిస్సహాయతలోంచే జాలి వస్తుంది. పైగా ఎవాన్స్‌ని దేవుడిలా చూపలేదు. కోతలు కోస్తాడు, భార్యతో తగవులాడతాడు, పోలీసుల దగ్గర మాట మారుస్తాడు. మన సినిమాల్లో నిర్దోషి అనగానే ముసలి తల్లి, పెళ్లి కావలసిన చెల్లెలు తప్పనిసరి. మరి చెల్లెలు లేనివాణ్ణి ఉరి తీస్తే ఫర్వాలేదా? ఇక ఎవాన్స్ ఉరి ఘట్టం కొన్ని సెకన్లే. ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వదు.

మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ తీసిన ‘నిళల్కుత్తు’ (2002) తలారి వైపు నుంచి నడుస్తుంది. కథ తిరువాన్కూరు సంస్థానంలోది. ఉరితాడు కొసని కాల్చి, ఆ బూడిదని రోగులకు మందుగా ఇస్తాడు తలారి. నిర్దోషిని చంపానన్న దిగులు మాత్రం ఏ బూడిదతోనూ పోదు. రాజుగారి క్షమాభిక్ష ఉరి అయ్యాక చేరేలా ఏర్పాటు ఉంటుంది, పాపం రాజుకి అంటకుండా.

‘ది ఆక్స్-బో ఇన్సిడెంట్’ (1943) నిడివి 75 నిమిషాలే. కోర్టు లేకుండా గుంపే ఉరి తీసిన నిర్దోషి తన భార్యకి రాసిన ఉత్తరాన్ని చివర్లో నటుడు హెన్రీ ఫోండా చదువుతాడు. పక్కవాడి టోపీ అంచు అతని కళ్లకి అడ్డం వస్తుంది. కన్నీళ్లు చూపకపోవడం వల్లే మాటలు చెవిన పడతాయి.

ప్రదర్శనలో రెండు పొరపాట్లు జరిగాయి. మొదటి సినిమాకి మైకులో తెలుగు వ్యాఖ్యానం పెట్టాం. నిశ్శబ్దం కావలసిన చోట మన గొంతు వినబడింది. తర్వాత నుంచి పాత్రల పేర్లు, కోర్టులో ఏది తర్వాత ఏది జరుగుతుందో ఒక పేజీలో అచ్చువేసి ముందే పంచాం. ‘ఆక్స్-బో’లోని ఉత్తరానికి తెలుగు అనువాదం సినిమా అయ్యాకే ఇచ్చాం. ముందే ఇస్తే తలలు కాగితం మీదికి వంగుతాయి. రెండోది, చివరి షాటు పోకముందే లైట్లు వేయడం. ఇప్పుడు ఐదు నిమిషాలు ఆగుతున్నాం.

ఇదంతా పరదేశాల సంగతి, పాతకాలం ముచ్చట అన్నవారికి ఒక మాట. 2009లో ఆరుగురికి ఉరి ఖరారు చేసిన మన సుప్రీంకోర్టే 2019లో వాళ్లని నిర్దోషులుగా విడిచిపెట్టింది. తాడు బిగించేసి ఉంటే ఎవరిని విడిచిపెట్టేవారు?

వచ్చే ఏడాది మొదటి సమావేశం ‘కన్యాశుల్కం’ మీద. పెళ్లికూతురుగా వచ్చి, ఆడవేషం విప్పేసి వెళ్లిపోయిన కుర్రాడి కోసం లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు వస్తుంది. చచ్చినవాళ్లే లేని ఖూనీ! మన ఊరి గురజాడ రాసిన ఆ కేసుని సాక్షుల వరుసలో చదువుదాం. 1909 కూర్పు పాఠం తెచ్చుకోండి.