కుక్కపిల్ల మొండితనం గురించి రవికి

ఒరేయ్ రవీ,

ఎంత కసిరినా మీ కుక్కపిల్ల డైనింగ్ టేబుల్ దగ్గర మొరగడం మానట్లేదని రాశావు. ఆ మొండితనం మీరు నేర్పిందేరా! ఎప్పుడో ఒకసారి ఎవరో జాలిపడి ఓ ముక్క పడేస్తున్నారు చూడు, కిటుకంతా ఆ 'ఎప్పుడో ఒకసారి'లోనే ఉంది.

బి.ఎఫ్. స్కిన్నర్ అని ఓ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన ప్రయోగాల్లో ఎలుకలు మీట నొక్కితే మేత గుళిక పడేది. ఆ గుళికలు ఆయనే తయారుచేసుకోవాలి. ఓ శనివారం మధ్యాహ్నం చూసుకుంటే, ఉన్నవి సోమవారం పొద్దున పదిన్నరకల్లా అయిపోతాయని తేలింది. అయితే ప్రతి నొక్కుకీ ఎందుకు, నిమిషానికొకటి చాల్లే అనుకున్నాడు. ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ఇలా అలవాటైనవి మేత పూర్తిగా ఆపేసినా ఓ పట్టాన వదలవు. రోజూ దొరికేది ఆగిపోతే తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడే దొరికేదానికి ఉత్తచేతులు మామూలే కదా.

శిక్ష సంగతి ఇంకా ఆశ్చర్యం. 1964లో బ్రౌన్, వాగ్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల్ని సన్నటి దారిలో పరుగెత్తించారు. ఒక జట్టుకి చివర్లో ప్రతిసారీ మేత. రెండో జట్టుకి సగంసార్లే. మూడోదానికి ప్రతిసారీ మేత ఉంది కానీ సగంసార్లు కరెంటు షాక్ కూడా, మొదట సన్నగా, రానురాను పెంచుతూ. పాపం అనిపిస్తుంది. తర్వాత షాక్ పెట్టి పరీక్షిస్తే మూడో జట్టే అన్నిటికన్నా ఎక్కువ తట్టుకుంది. అంతేకాదు, మేత ఆపేసినప్పుడు కూడా మొదటి జట్టుకన్నా ఎక్కువసేపు పరుగెత్తింది. ఖాళీ గిన్నె అంటే ఏమిటో అంతకుముందు తెలియకపోయినా సరే! ఒక రకం కష్టాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటే ఇంకో రకానికీ పనికొచ్చిందన్నమాట. ఈ ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు నీ పద్ధతి చూడు. మొదట మెల్లగా 'ఊఁ' అంటావు, తర్వాత గొంతు పెంచుతావు, మధ్యలో ముక్క అందుతూనే ఉంటుంది. దాదాపు ఆ మూడో జట్టు శిక్షణే.

తిట్లు ఆపెయ్. టేబుల్ దగ్గర ముక్క మాత్రం ఎవరూ, ఎప్పుడూ పెట్టొద్దు. మొదట్లో మొరుగుడు ఇంకా పెరగొచ్చు, అసలు టెన్షన్ అప్పుడే. సరిగ్గా ఆ సమయంలో మెత్తబడ్డారంటే గట్టిగా మొరిగితేనే పని జరుగుతుందని నేర్పినట్టే. అది తన చాప మీద బుద్ధిగా పడుకుంటే ప్రతిసారీ పెట్టు. అలవాటు కుదిరాక నెమ్మదిగా అప్పుడప్పుడుకి మార్చు, ఆ బుద్ధి కూడా అంతే మొండిగా నిలుస్తుంది. ముందు ఇంట్లోవాళ్లందరినీ ఒప్పించు, ఒక్కరు జారినా మళ్లీ మొదటికొస్తుంది.

నీ
శీను